గ్యాస్ బండ మీది రాతలు, లోపలి సంగతులు: ఖాయంగా తెలిసినవాళ్ళు చెప్పండి

#1 వంటిల్లు_వైజాగ్

రోజూ కళ్ళెదుట ఉండే వస్తువే, కానీ గ్యాస్ బండ గురించి మన ఇళ్ళల్లో తెలిసింది చాలా తక్కువ. బుక్ చేస్తాం, వస్తుంది, రెగ్యులేటర్ తగిలిస్తాం, అంతే.

పైన పట్టుకునే రింగుని మోసే మూడు పట్టీలు ఉంటాయి కదా, వాటి లోపలి వైపు "బి-27" లాంటి రాత ఉంటుంది. అది గ్యాస్ ఎక్స్‌పైరీ డేటని వాట్సాప్‌లో తెగ తిప్పుతున్నారు. ఇంకో పట్టీ మీద 15.8 లాంటి అంకె. అడుగు రింగుకి చిల్లులు. నింపేది 14.2 కిలోలు, ఆ లెక్క ఎందుకో, 15 ఎందుకు కాదో తెలీదు. ఆ వాసన అసలు గ్యాస్‌దేనా?

ప్లాంటు పని తెలిసినవాళ్ళు, ఏజెన్సీ వైపువాళ్ళు, స్టవ్ మెకానిక్కులు ఈ గ్రూపులో ఉన్నారు. విన్నవి కాకుండా తెలిసినవి రాయండి.

#2 ప్లాంట్_పాతకాపు

ముందు ఆ అక్షరం సంగతి తేల్చేద్దాం. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కన ఉన్నది సంవత్సరం. బి-27 అంటే 2027 జూన్ నెలాఖరులోగా ఆ బండని పరీక్షకి పంపాలని అర్థం. గ్యాస్ పాడయ్యే సరుకు కాదు, దానికి గడువు లేదు. గడువు ఇనుముకి.

కొత్త బండకి మొదటి పరీక్ష పదేళ్ళకి. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి. ఖాళీ బండలు ప్లాంటుకి తిరిగొచ్చినప్పుడు గడువు దగ్గరపడ్డవాటిని వేరే వరసలోకి లాగేస్తారు. లోపల మిగిలిన గ్యాస్ తీసేస్తారు, వాల్వు విప్పుతారు, పైనా లోపలా చూస్తారు. సొట్టలు, గీతలు, వెల్డింగ్ దగ్గర పగుళ్ళు, అడుగున తుప్పు, ఇవన్నీ ఈ చూపులోనే దొరుకుతాయి. తర్వాత బండ నిండా నీళ్ళు నింపి చదరపు సెంటీమీటరుకి 25 కిలోల ఒత్తిడి ఎక్కించి పట్టి ఉంచుతారు. మామూలు వాతావరణంలో మన వంటింట్లో బండ లోపల ఉండేది 5 నుంచి 7 కిలోలే.

పరీక్షకి గాలి కాకుండా నీళ్ళే ఎందుకంటే, నీళ్ళు నొక్కితే దాదాపుగా కుంచించుకోవు. బండ చీలినా నీళ్ళు కారి ఒత్తిడి అక్కడికక్కడే పడిపోతుంది. అదే ఒత్తిడితో గాలి ఎక్కించి ఉంటే ముక్కలు ఎగిరి మనుషుల మీద పడతాయి. నీటి పరీక్షలో నెగ్గాక లోపల ఆరబెట్టి, వాల్వు బిగించి, తక్కువ ఒత్తిడి గాలితో లీకు చూస్తారు. అప్పుడు ఎర్ర రంగు, కొత్త తేదీ.

ఆ 15.8 ఖాళీ బండ బరువు. ఒక్కో బండకి ఒక్కోలా ఉంటుంది, అందుకే దేని మీద దానిదే రాస్తారు. ఈ అంకెకి ఇంకో పని ఉంది. పరీక్షకి వచ్చిన బండ బరువు మొదటి బరువు కంటే 5 శాతానికి మించి తగ్గిందంటే లోహాన్ని తుప్పు తినేసిందన్నమాట. దాన్ని తుక్కు కింద నలిపేయాల్సిందే, రంగు వేసి వదలకూడదు.

#3 లలిత_గుంటూరు

> 2027 జూన్ నెలాఖరులోగా ఆ బండని పరీక్షకి పంపాలని అర్థం

మరి గడువు దాటిన బండ ఇంటికొస్తే? తీసుకుని వాడేశాక తెలిస్తే? బరువు కూడా అనుమానంగా ఉంటే ఎవరిని అడగాలి? డెలివరీ అబ్బాయి తొందరలో ఉంటాడు, గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతాడు.

#4 ఏజెన్సీ_కౌంటర్

లలిత గారూ, బండ గుమ్మం దగ్గరుండగానే, డబ్బులిచ్చే ముందే, నాలుగు చూడాలండి. మొత్తం రెండు నిమిషాల పని.

మొదట తేదీ. దాటి ఉంటే తీసుకోకండి, మార్చి ఇవ్వమనండి. మార్చడం మా బాధ్యత. వాడుతుండగా చూసుకుంటే కంగారు అక్కర్లేదు, గడువు దాటిన మర్నాడే పగిలిపోదు. కానీ ఏజెన్సీకి ఫోన్ చేసి నంబరు చెప్పండి.

తర్వాత సీలు. వాల్వు మూతని చుట్టి ప్లాస్టిక్ సీలు ఉంటుంది. వదులుగా తిరుగుతున్నా, చిరిగి ఉన్నా, మళ్ళీ అతికించినట్టున్నా ఆ బండ వద్దు.

మూడోది బరువు. పట్టీ మీది ఖాళీ బరువుకి 14.2 కలపండి. 15.8 ఉంటే మొత్తం 30 కిలోలు రావాలి. డెలివరీ మనిషి దగ్గర తూకం ఉండాలి, అడిగితే తూచి చూపించాలి. అడగడం మీ హక్కు, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోకూడదు.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. సీలు తీసి, నైలాన్ తాడు పట్టుకుని మూత పైకి లాగి, వాల్వు నోట్లోకి చూడండి. లోపల గుండ్రంగా నల్ల రబ్బరు రింగు కనబడాలి. రెగ్యులేటర్ చుట్టూ గ్యాస్ బయటికి రాకుండా ఆపేది అదొక్కటే. ఆ రింగు పగిలితే, ఊడిపోతే కొత్త రెగ్యులేటర్ పెట్టినా లీకే. డెలివరీ మనిషి దగ్గర అదనపు రింగులుంటాయి, అక్కడే మార్పిస్తే సరిపోతుంది. అలాగే వాల్వు నోట్లో రెండు చుక్కల సబ్బునీళ్ళు వేసి చూడమనండి. బుడగ లేచిందంటే మధ్యలో ఉన్న పిన్ను సరిగ్గా మూసుకోవట్లేదు. మూత పెట్టేసి బండ వెనక్కి పంపించండి. బుడగ లేకపోతే పొడిగుడ్డతో తుడిచి రెగ్యులేటర్ పెట్టుకోవచ్చు.

ఆ మూత పారేయకండి, బండకే కట్టి ఉంచండి. లీకు అయిన రోజు ముందు వెతుక్కునేది దాన్నే.

#5 కెమిస్ట్రీ_మాస్టారు

14.2 లెక్క చెబుతాను. ఆ బండలో నీళ్ళు పోస్తే 33.3 లీటర్లు పడతాయి. ఎల్‌పీజీ మాత్రం లీటరు జాగాకి 0.427 కిలో లెక్కన నింపాలి. గుణించి చూడండి, 14.2 వస్తుంది. లోపల ఉన్నది ద్రవం. దాదాపు ఐదో వంతు జాగా దాని పైన ఖాళీగా, ఆవిరితో ఉంటుంది. ఆ ఖాళీయే రక్షణ. ఎల్‌పీజీ ద్రవం వేడికి నీటి కంటే చాలా రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అంచుల దాకా నింపేస్తే మే నెల ఎండలో లారీ మీద ఉన్న బండలో ద్రవం పెరిగి పోవడానికి చోటుండదు. అప్పుడు ఒత్తిడి నింపిన గ్యాస్ వల్ల కాకుండా నేరుగా ద్రవం వల్ల వస్తుంది, దానికి ఏ ఇనుమూ ఆగదు. అందుకే 15 కాదు.

ఇంకోటి. బండ లోపలి ఒత్తిడికి, ఎంత గ్యాస్ మిగిలింది అన్నదానికి సంబంధం లేదు. ద్రవం ఒక్క గ్లాసుడు మిగిలినా ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది. దాన్ని నిర్ణయించేది వేడి. బజారులో రెగ్యులేటర్ దగ్గర బిగించే గుండ్రటి ముల్లు మీటర్లు "గ్యాస్ ఎంతుందో చూపిస్తాయి" అని అమ్ముతున్నారు. ఆ ముల్లు నెలంతా పచ్చ రంగులోనే నిలబడి, చివరి పూట ఒక్కసారిగా పడిపోతుంది. పైగా రెగ్యులేటర్‌కీ వాల్వుకీ మధ్య ఇంకో అతుకు పెట్టామంటే లీకవడానికి ఇంకో చోటు తయారు చేసుకున్నట్టే. కొనకండి.

ఎంత ఉందో తెలియాలంటే తడిగుడ్డ చాలు. బండ చుట్టూ పైనుంచి కిందికి తడి పూసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఖాళీ భాగం ముందు ఆరిపోతుంది, ద్రవం ఉన్న భాగం తడిగానే ఉంటుంది. ఆ రెండిటి మధ్య గీతే లోపలి మట్టం. స్టవ్ వెలుగుతుండగా చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆవిరయ్యేటప్పుడు ద్రవం చల్లబడుతుంది.

#6 క్యాటరింగ్_తణుకు

మాస్టారూ, ఆ చల్లబడటం గురించే అడగాలి. పెళ్ళిళ్ళలో పెద్ద బర్నరు మీద పులిహోరకి, సాంబారుకి గుండిగలు ఎక్కిస్తాం. గంట తిరిగేసరికి బండ కింది సగం మంచు పట్టినట్టు తెల్లగా అయిపోతుంది, మంట కుంగిపోతుంది. లోపల గ్యాస్ ఉందని బరువు చెబుతూనే ఉంటుంది. కుర్రాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో దింపుతారు, లేదా పక్కకి పడుకోబెడతారు. మంట లేస్తుంది నిజమే, కానీ అది సరైన పద్ధతేనా?

#7 కెమిస్ట్రీ_మాస్టారు

రెండూ ప్రమాదమే, పడుకోబెట్టడం మరీ ప్రమాదం.

ద్రవం ఆవిరవ్వాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది బండ గోడల నుంచి, గోడలు చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటాయి. ఇంట్లో స్టవ్ వాడే కొద్దిపాటి గ్యాస్‌కి ఆ వేడి సరిపోతుంది. పెద్ద బర్నరు లాగే వేగానికి గాలి ఇచ్చే వేడి చాలదు. ద్రవం చల్లబడిపోయి ఒత్తిడి పడిపోతుంది, గోడ మీద గాలిలోని తేమ గడ్డకడుతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలోనో, ఆదిలాబాద్ వైపో మంట చిన్నగా రావడానికీ ఇదే కారణం. ఎల్‌పీజీలో ప్రొపేను, బ్యూటేను రెండూ ఉంటాయి. ప్రొపేను మైనస్ 42 డిగ్రీలకే మరిగితే, బ్యూటేను మరిగేది సున్నా డిగ్రీల దగ్గర. చలిలో బ్యూటేను మొరాయిస్తుంది.

పడుకోబెడితే వాల్వు దగ్గరికి ఆవిరి బదులు ద్రవమే వస్తుంది. రెగ్యులేటర్ తయారైంది ఆవిరికి. ద్రవం ఒక లీటరు బయటికొస్తే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. బర్నరు దగ్గర అది ఒక్కసారిగా నిలువెత్తు మంటై లేస్తుంది. వేడినీళ్ళ సంగతికొస్తే, నీళ్ళ వేడి ఎంతో ఎవరూ కొలవరు, మరుగుతున్న నీళ్ళే పోసేస్తారు. ఒత్తిడి వేడితో పాటే ఎగబాకుతుంది.

సరైన దారి ఒకటే. రెండో మూడో బండలు ఒకే పైపు లైనుకి కలిపి, అన్నిటినీ ఒకేసారి తెరిచి వాడటం. ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది, మంచు పట్టదు. హోటళ్ళలో బండల వరస కనిపించేది ఇందుకే. పెళ్ళి వంటకి 19 కిలోల కమర్షియల్ బండలే తీసుకోండి, ఇంటి బండలు వాడటం చట్టరీత్యా కూడా తప్పు.

#8 కరీంనగర్_స్టవ్_మెకానిక్

బండ ముచ్చట మంచిగ చెప్పిండ్రు. స్టవ్ ముచ్చట నేను చెప్త.

మంట నీలంగ, చప్పుడు లేకుంట ఉండాలె. పసుపుపచ్చగ, ఎర్రగ కొస లేస్తుందంటే గ్యాస్‌కు సరిపోను గాలి దొరుకుతలేదు. గిన్నె అడుగు నల్లగ అయితది, గ్యాస్ వేస్టయితది. అందరు గ్యాస్ మంచిగ లేదని ఏజెన్సీకి ఫోన్ చేస్తరు. పదిట్ల తొమ్మిది సార్లు తప్పు బర్నర్ల ఉంటది.

ముందు బర్నరు మీది ఇత్తడి తాళి, అంటే చిల్లుల మూత, తీసి చూడుండ్రి. పాలు పొంగి, గంజి పొంగి చిల్లులు పూడుతయి. వేడినీళ్ళల్ల తినే సోడా ఏసి అరగంట నానవెట్టి బ్రష్‌తోని రుద్దాలె. మంచిగ ఆరినంకనే పెట్టాలె, తడి ఉంటె మంట చిటపటమంటది. పెట్టేటప్పుడు తాళి గాడిల సక్కగ కూసుందా చూడాలె. ఒక పక్క లేచి ఉంటె ఆ పక్క నుంచి పచ్చ మంట వస్తది.

తర్వాత బర్నరు కింది గొట్టం. గాలి, గ్యాస్ కలిసేది దాంట్లనే. సాలెపురుగులు గూడు కట్టుడు, బొద్దింకలు చొచ్చుడు మామూలే. సన్న బ్రష్ దూర్చి తియ్యాలె.

ఆఖరికి జెట్. నాబ్ వెనక చిన్న ఇత్తడి ముక్క, దానికి వెంట్రుకంత చిల్లు. దీన్ని ఇంట్ల పిన్నీసుతోని పొడుస్తరు, అది మాత్రం చెయ్యకుండ్రి. చిల్లు పెద్దగైతే గ్యాస్ ఎక్కువొస్తది, గాలి అంతే ఉంటది, ఇగ జన్మంత పచ్చ మంటనే. జెట్ పిన్ను వేరేగ దొరుకుతది, లేకుంటె కొత్త జెట్ ఏసుకోవాలె. దాని ధర పెద్దదేం కాదు.

సిమ్ పెట్టంగనే టప్పుమని లోపల అంటుకునుడు ఉంటది. బర్నరు చిల్లులు అరిగి పెద్దగైతే అట్లయితది. తాళి మార్చుడే, వేరే మందు లేదు.

ఇగ పైపు. కాషాయం రంగు సురక్ష పైపే ఏసుకోవాలె. దాని లోపల ఉక్కు తీగ అల్లి ఉంటది, ఎలుక కొరికినా తెగది. పైన ఐఎస్ 9573 అని, తయారైన సంవత్సరం అచ్చేసి ఉంటది. ఐదేండ్లకు మార్చాలె, మంచిగున్నదని ఉంచొద్దు. మీటరున్నర దాటొద్దు, నడుమ అతుకు ఉండొద్దు, స్టవ్ కింది నుంచి పోనియ్యొద్దు. పాత పచ్చ రబ్బరు పైపులు ఎవలింట్లనన్న ఉంటె ఇయ్యాల్నే తీసెయ్యుండ్రి.

#9 లలిత_గుంటూరు

అన్నా, రెగ్యులేటర్ మీద సూదిమొనంత చిల్లు ఒకటి ఉంటుంది. దాంట్లోంచి వాసన వస్తుందని కొందరు టేపు వేస్తున్నారు. ఆ చిల్లు ఎందుకు?

#10 కరీంనగర్_స్టవ్_మెకానిక్

టేపు ఏసుడు మస్తు డేంజర్ అక్కా. రెగ్యులేటర్ లోపల రబ్బరు పొర ఒకటి, దాని మీద స్ప్రింగు ఉంటది. బండల 5, 6 కిలోలున్న ఒత్తిడిని స్టవ్‌కు పోయేకాడికి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములకు దించేది గా పొరనే. అది కిందికి మీదికి కదలాలంటె మీది గాలి వచ్చుకుంట పోవుకుంట ఉండాలె. గా చిల్లు అందుకే. దాన్ని మూస్తే పొర కదలది, ఒత్తిడి కంట్రోల్ తప్పుతది. గా చిల్లుల నుంచి వాసన వచ్చిందంటె పొర చినిగిందన్నట్టు. బంద్ చేసి, తీసేసి, ఏజెన్సీల మార్పియ్యాలె. రిపేరు చెయ్యరాదు, మేం కూడ చెయ్యం.

#11 వంటిల్లు_వైజాగ్

మాస్టారూ, వాసన సంగతి మిగిలిపోయింది. బండ అయిపోయే రోజుల్లో వాసన ఎక్కువ వస్తుందని అందరూ అంటారు, లీకేమోనని భయపడతారు కూడా.

#12 కెమిస్ట్రీ_మాస్టారు

ఎల్‌పీజీకి చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకొచ్చేది కావాలని కలిపిన ఇథైల్ మెర్కాప్టాన్ వాసన. గాలిలో అతి కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది, దాన్ని ఎంచుకున్నది అందుకే. గాలిలో గ్యాస్ దాదాపు 2 శాతం చేరితే అంటుకునే స్థితి వస్తుంది. అందులో ఐదో వంతు చేరేసరికే మనిషికి వాసన తెలియాలన్న లెక్కతో కలుపుతారు.

ఇంధన గ్యాస్‌కి వాసన కలపాలన్న పట్టుదల వెనక ఒక ఘోరం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊరి బడి పేలిపోయింది. వేడి కోసం వాడుతున్న సహజవాయువు లీకై నేల కింది ఖాళీలో నిండింది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే అక్కడ వాసన కలపడం చట్టమైంది, మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. మన వంటింట్లో ముక్కు చిట్లించే ఆ కంపు ఆ పిల్లల ప్రాణాల మీద వచ్చింది.

బండ చివర వాసన పెరగడం నిజమే. ఇథైల్ మెర్కాప్టాన్ 35 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ప్రొపేను, బ్యూటేను దానికంటే చాలా ముందే ఆవిరైపోతాయి. కాబట్టి వాడుతున్నకొద్దీ అడుగున మిగిలిన ద్రవంలో అది చిక్కబడుతుంది. స్టవ్ వెలిగించే క్షణంలో కాస్త వాసన రావడం సహజం. స్టవ్ ఆపి ఉన్నా వాసన వస్తుంటే మాత్రం బండ ఖాళీ అవుతోందని సర్దిచెప్పుకోకూడదు. సబ్బు నురుగు రాసి ప్రతి అతుకూ చూడాలి. అగ్గిపుల్ల గీసి లీకు వెతకడం ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. దయచేసి మానిపించండి.

#13 ప్లాంట్_పాతకాపు

మాస్టారి మాటకి కొనసాగింపుగా, వాసన గట్టిగా వచ్చినప్పుడు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, గడప కింది నుంచి పక్క గదిలోకి జారుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలోనూ లీకైన ఎల్‌పీజీ ఇలాగే నేల వెంట పాకి నిప్పు అందుకుంది. ఈ ఒక్క గుణం గుర్తుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ ముందు ఆర్పండి. స్టవ్ నాబులు, రెగ్యులేటర్ నాబ్ ఆపండి. రెగ్యులేటర్ తీసి మూత బిగించండి. తలుపులు, కిటికీలు తెరవండి. కరెంటు స్విచ్ ఏదీ ముట్టుకోవద్దు. వేసినా, తీసినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గ్యాస్ పోతుందనుకుంటారు, సరిగ్గా అదే అంటిస్తుంది. ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అవుతుంది కాబట్టి మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటే అక్కడ ఆపించండి. మూత పెట్టినా బుస్సుమంటుంటే బండని నిలువుగానే ఆరుబయటికి చేర్చి మనుషుల్ని దూరంగా ఉంచండి. 1906కి ఫోన్ చేయండి, ఎల్‌పీజీ లీకులకే పెట్టిన అత్యవసర నంబరు అది. ఫోన్ కూడా బయటికొచ్చాకే.

వాల్వు దగ్గర మంట అంటుకుంటే చాలామంది వదిలి పారిపోతారు. రెగ్యులేటర్ నాబ్‌కి చెయ్యి అందితే ముందు దాన్ని ఆపండి. మంట ఆర్పడం కంటే గ్యాస్ ఆపడం ముఖ్యం. ఆరిపోయి కూడా గ్యాస్ వస్తూనే ఉంటే గది నిండి అసలు పేలుడు అప్పుడు జరుగుతుంది. నాబ్ అందకపోతే నూలు దుప్పటి నీళ్ళల్లో బాగా ముంచి, మంట మీద కప్పి, ఆ గుడ్డ మీదుగానే నాబ్ తిప్పాలి. సింథటిక్ గుడ్డ కరిగి చేతికి అంటుకుంటుంది, దాని జోలికి పోవద్దు. మంట గది సామాన్లకి పాకితే మాత్రం ప్రయత్నాలు మానేసి బయటికి రండి.

పేపర్లో "సిలిండర్ పేలింది" అని చదివే చాలా సందర్భాల్లో బండ చెక్కుచెదరకుండానే ఉంటుంది. పేలింది గదిలో నిండిన గ్యాస్. బండే చీలడం అనేది చుట్టూ మంటల్లో చాలాసేపు కాలినప్పటి సంగతి.

#14 ఫ్లాట్స్_సెక్రటరీ_కూకట్‌పల్లి

గ్యాస్ నేల వెంట పాకుతుందన్నారు కాబట్టి అపార్ట్‌మెంట్ల విషయం కలుపుతాను. గ్రానైట్ గట్టు కింద చెక్క తలుపులు వేసి బండని అల్మరాలో దాచడం ఇప్పుడు ఫ్యాషన్. లీకైతే ఆ పెట్టెలోనే నిండుతుంది, వాసన ఆలస్యంగా తెలుస్తుంది. తలుపులు తప్పనిసరైతే అడుగు భాగంలో, పై భాగంలో జాలీ పెట్టించండి, అడుగున ఉన్నది ఎట్టిపరిస్థితుల్లో మూయొద్దు. బండ నేలమట్టానికి కింద, గుంటలో ఉండకూడదు. స్టవ్ ఎప్పుడూ బండ కంటే ఎత్తులో ఉండాలి.

పైపు గ్యాస్ వచ్చిన ఫ్లాట్లలో లెక్క తలకిందులవుతుంది. పైపులో వచ్చేది సహజవాయువు, గాలి కంటే తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. లీకు అలారం కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి. బండ వాడే ఇంట్లో అలారం నేలకి అడుగు ఎత్తులో, పైపు గ్యాస్ ఇంట్లో సీలింగ్‌కి అడుగు కింద. రెండిటికీ ఒకే చోట బిగించి వెళ్ళిపోతున్నారు, అది ఉన్నా లేనట్టే.

స్టవ్ కూడా మార్చకుండా కలపకూడదు. సహజవాయువులో అదే పరిమాణానికి వేడి తక్కువ, కాబట్టి పెద్ద చిల్లు జెట్లు వేస్తారు. ఆ స్టవ్‌ని ఊరికి తీసుకెళ్ళి బండకి తగిలిస్తే మంట బారెడు లేస్తుంది. మళ్ళీ చిన్న జెట్లు వేయించాకే వెలిగించాలి.

#15 వంటిల్లు_వైజాగ్

చిల్లుల రింగు గురించి పాతకాపు గారు ఇంకా చెప్పలేదు. ఈలోగా మా ఊరి సంగతి ఒకటి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర భూమికి దాదాపు 200 మీటర్ల లోతున, రాతిని తొలిచి ఎల్‌పీజీ నిల్వ చేస్తున్నారు. 60,000 టన్నులు పడుతుంది, 2007లో మొదలైంది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. లోపల ఇనుప ట్యాంకు లేదు, రాయే గోడ. రాతి పగుళ్ళలోని భూగర్భజలం ఒత్తిడి లోపలి గ్యాస్ ఒత్తిడి కంటే ఎక్కువ ఉండేలా చూస్తారు. అందుకని నీరు లోపలికి ఊరుతుందే తప్ప గ్యాస్ బయటికి రాదు. ఊరిన నీటిని పంపులతో తోడేస్తారు. పైన చేపల పడవలు, టూరిస్టులు. కింద లక్షల వంటిళ్ళకి సరిపడే ఇంధనం.

#16 ప్లాంట్_పాతకాపు

అడుగు రింగు చిల్లులు గాలి ఆడటానికి, నీళ్ళు నిలవకుండా పోవడానికి. బండ అడుగు గుండ్రంగా ఉంటుంది, నేలకి తగలదు, రింగే మోస్తుంది. మన ఇళ్ళల్లో రోజూ తడిగుడ్డ పెడతాం, బండ కింద మాత్రం నీళ్ళు అలాగే ఉండిపోతాయి. ప్లాంటులో తుక్కు కిందికి పోయే బండల్లో తుప్పు మొదట కనబడేది అక్కడే. కింద గోనెపట్టా, ప్లాస్టిక్ షీటు వేస్తే తేమ ఇంకా పట్టి ఉంచుతుంది. చక్రాల స్టాండు మీద పెడితే చాలు. డెలివరీలో దొర్లించడం, లారీ మీంచి రింగు మీద పడేలా విసరడం కూడా ఈ రింగునే వంచుతాయి. వంగిన రింగుతో వచ్చిన బండ నిలబడినప్పుడు ఊగుతుంది. అలాంటిది కూడా వద్దని చెప్పొచ్చు.

#17 లలిత_గుంటూరు

ఏజెన్సీ గారూ, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఉంటుందంటారు. ప్రీమియం కట్టినట్టు ఎవరికీ గుర్తులేదు. నిజమేనా?

#18 ఏజెన్సీ_కౌంటర్

నిజమేనండి. చమురు కంపెనీలే తమ కస్టమర్లందరి తరఫున తీసుకునే పాలసీ అది. మీరు విడిగా ఏమీ కట్టక్కర్లేదు, ఫారం నింపక్కర్లేదు. గ్యాస్ వల్ల జరిగిన ప్రమాదంలో చనిపోతే మనిషికి 6 లక్షలు. వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఒక ఘటనకి మొత్తం 30 లక్షలు మించకుండా. ఇంటి నష్టానికి 2 లక్షల దాకా, అది కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే.

ఇక్కడే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. ఇల్లు మారతారు, కనెక్షన్ చిరునామా మార్చుకోరు. ఇంటి నష్టం అడిగేటప్పుడు అది అడ్డుపడుతుంది. ఐఎస్ఐ గుర్తు లేని స్టవ్, ఎక్కడో కొన్న రెగ్యులేటర్, గడువు దాటిన పైపు ఉన్నా విచారణలో ప్రశ్నలొస్తాయి. పైపు కొన్న బిల్లు, స్టవ్ బిల్లు పారేయకండి.

ప్రమాదం జరిగితే నేరుగా బీమా కంపెనీ దగ్గరికి పోవాల్సిన పని లేదు. వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పాలి, మేం చమురు కంపెనీకి, వాళ్ళు బీమా కంపెనీకి తెలియజేస్తారు. పోలీసు ఫిర్యాదు కాపీ, ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, మరణమైతే పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. కాలిన రెగ్యులేటర్, పైపు, స్టవ్ విచారణ అయ్యేదాకా కదిలించొద్దు.

#19 క్యాటరింగ్_తణుకు

ఏజెన్సీ గారూ, ఒక్కటి. ఇంటి బండ పెళ్ళి పందిట్లో వాడుతుండగా ఏదైనా అయితే ఈ పాలసీ వర్తిస్తుందా?

#20 ఏజెన్సీ_కౌంటర్

ఇంటి నష్టం భాగం వర్తించదండి, చిరునామా అది కాదు కాబట్టి. మిగతాదానికి కూడా ఇంటి బండని వ్యాపారానికి వాడటమే మొదటి అడ్డంకి అవుతుంది. క్యాటరింగ్ పేరు మీద 19 కిలోల కనెక్షన్ తీసుకోండి. కాగితాలు ఏం కావాలో మీ ఊరి ఏజెన్సీలో అడిగితే చెబుతారు. పందిట్లో బండల వరసని పొయ్యికి దూరంగా, గాలి ఆడే వైపు, ఎండ పడకుండా పెట్టించండి. ఒక మనిషిని అక్కడే కాపలా ఉంచండి.